యూఎస్‌బీ సీరియల్ పరికరం నత్తనడక నడుస్తుంటే: లేటెన్సీ టైమర్, హబ్, డ్రైవర్ సర్దుబాట్లు

"బాడ్ రేట్ 115200 పెట్టినా సెకనుకు అరవై రీడింగ్‌లు దాటడం లేదు. కేబుల్ మార్చాలా?" రోబో చెయ్యి కట్టేవాళ్లు ఇదే అడుగుతారు. (బాడ్ రేట్ అంటే సీరియల్ తీగ మీద సెకనుకు ఎన్ని బిట్లు వెళ్తాయన్న లెక్క.) ల్యాబ్‌లో మీటర్ చదివేవాళ్లు, ఎలక్ట్రానిక్ కాటాను బిల్లింగ్ కంప్యూటర్‌కు కలిపినవాళ్లు కూడా ఇదే అడుగుతారు. జవాబు ఆ అరవై అన్న అంకెలోనే ఉంది. సెకనుకున్న 1000 మిల్లీసెకన్లను 16తో భాగించి చూడండి, 62.5 వస్తుంది. కేబుల్‌లోని చిప్ ప్రతి జవాబునూ 16 మిల్లీసెకన్లు తన దగ్గరే ఉంచుకుని, ఆ తర్వాత కంప్యూటర్‌కు పంపుతోంది.

షేర్ ఆటో సంగతి తెలిసిందే కదా. సీట్లు నిండితే కదులుతుంది, లేదా డ్రైవర్‌కు ఓపిక నశిస్తే కదులుతుంది. యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లలో ఉండే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ కూడా అంతే. మామూలు కేబుళ్లలో ఒక యూఎస్‌బీ ప్యాకెట్ 64 బైట్లు, అందులో 2 బైట్లు చిప్ తన స్థితి చెప్పడానికి వాడుకుంటుంది, మిగిలిన 62 మీ డేటాకు. ఆ 62 నిండితే వెంటనే పంపుతుంది. నిండకపోతే లేటెన్సీ టైమర్ పూర్తయ్యేదాకా ఆగుతుంది, ఆ టైమర్ ఫ్యాక్టరీ నుంచి 16గా వస్తుంది. మీ మీటర్ ఇచ్చే జవాబు ఎనిమిది బైట్లే అయితే ఆటో ఎప్పటికీ నిండదు, ప్రతిసారీ 16 మిల్లీసెకన్లు నిలబడాల్సిందే. బాడ్ రేట్ పెంచడమంటే రోడ్డు వెడల్పు చేయడం, ఆగి ఉన్న ఆటోకు దానితో పనిలేదు.

కాబట్టి ఇక్కడ చేసేదంతా ఆ ఎదురుచూపును తగ్గించడమే. మెనూలు, ఫైళ్లు, కమాండ్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాను, తెరమీద అవి ఇంగ్లిష్‌లో కనిపిస్తాయి.

పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ నెమ్మదిగా ఉందని వచ్చినవాళ్లకు ఇది పనికిరాదు. ఒక్క సందర్భం మాత్రం చూసుకోండి: పెన్‌డ్రైవ్ సెకనుకు 1 మెగాబైట్ దగ్గరే ఆగిపోతుంటే అది 480 మెగాబిట్ల బదులు 12 మెగాబిట్ల వేగానికి పడిపోయి ఉండొచ్చు. ఆ లెక్కన 4 జీబీ ఫైలుకు గంట దాటుతుంది. అది డ్రైవర్ సమస్య కాదు. పోర్టులో దుమ్మో, వదులైన కాంటాక్టో, నాసిరకం ఎక్స్‌టెన్షన్ కేబులో కారణం. వేరే పోర్టులో నేరుగా పెట్టి చూడండి.

కావలసినవి

- పరికరం, దానికి ఇప్పుడు వాడుతున్న కేబుల్. పరీక్ష కోసం కొత్త కేబుల్ తేవద్దు, లెక్క తారుమారవుతుంది.
- విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ లాగిన్, లినక్స్‌లో సుడో హక్కు, అంటే అడ్మిన్‌గా కమాండ్ నడిపే అనుమతి.
- రెండు కొసలా సాకెట్ ఉన్న జంపర్ వైరు ఒకటి, లూప్‌బ్యాక్ పరీక్షకు, అంటే పంపిన బైటు తిరిగి మనకే వచ్చేలా చేసి కొలవడానికి.
- పైథాన్, దానితో పైసీరియల్ లైబ్రరీ. వేరే భాష వచ్చినా పర్వాలేదు, మిల్లీసెకన్లలో సమయం కొలవగలిగితే చాలు.
- హబ్ వాడుతుంటే, హబ్ లేకుండా నేరుగా పెట్టడానికి కంప్యూటర్‌లో ఒక ఖాళీ పోర్టు.

1. ముందు చిప్ ఏదో తెలుసుకోండి

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పోర్ట్స్ కింద ఉన్న మీ కామ్ పోర్టు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కు వెళ్లండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో ప్రాపర్టీ జాబితా నుంచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ అనే నాలుగు అక్షరాల సంఖ్య, అంటే తయారీ కంపెనీ గుర్తు, కనిపిస్తుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇస్తే ఐడీ తర్వాత మొదట వచ్చేది అదే.

- 0403 అయితే ఎఫ్‌టీడీఐ. కింది టైమర్ పద్ధతి దీనికే.
- 1ఏ86 అయితే సీహెచ్340 కుటుంబం. చవక ఆర్డుయినో నానో క్లోన్ బోర్డుల్లో ఎక్కువగా ఇదే.
- 10సీ4 అయితే సిలికాన్ ల్యాబ్స్, అంటే సీపీ2102 వంటివి.
- 067బీ అయితే ప్రొలిఫిక్.

చివరి మూడింటికి ఈ టైమర్ సెట్టింగ్ ఉండదు. ఆర్డుయినో ఊనో ఆర్3 లాంటి బోర్డు లినక్స్‌లో టీటీవైఏసీఎం0 పేరుతో వస్తుంది. దానికీ ఉండదు. ఇలాంటివి వాడేవాళ్లు 3, 4 మెట్లు వదిలేసి, 2వ మెట్టు చేశాక 6కు వెళ్లండి.

వీఐడీ 0403 ఉండి, పీఐడీ (ఉత్పత్తి గుర్తు) 0000 అని కనిపిస్తే మీ చేతిలో ఉన్నది నకిలీ చిప్ అనుకోవచ్చు. 2014లో వచ్చిన ఒక విండోస్ డ్రైవర్ నకిలీల పీఐడీని అలా సున్నా చేసేసింది. దాన్ని బతికించే ప్రయత్నం కన్నా కేబుల్ మార్చడం నయం.

2. మార్చకముందే కొలవండి

చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. తర్వాత "కాస్త మెరుగైనట్టే ఉంది" అంటారు. అనిపించడంతో పనిలేదు, అంకె కావాలి.

పరికరాన్ని కేబుల్ నుంచి పూర్తిగా విప్పేయండి. తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ అయితే 2, 3 పిన్నులను జంపర్ వైరుతో కలపండి. చిన్న మాడ్యూల్ బోర్డయితే టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) పిన్నులను కలపండి. పరికరం తగిలించి ఉండగా ఇలా కలిపితే రెండు అవుట్‌పుట్లు ఎదురెదురుగా కొట్టుకుని ఏదో ఒకటి పాడయ్యే ప్రమాదం ఉంది. విద్యుత్ పిన్నులు పక్కనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఆర్‌ఎస్-485 అడాప్టర్లకు ఈ లూప్‌బ్యాక్ కుదరదు. వాళ్లు అసలు పరికరాన్నే ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా పట్టిన సమయం కొలవండి.

ప్రోగ్రామ్ చేయాల్సిన పని ఇంతే: పోర్టును 115200 దగ్గర తెరవాలి, గడియారం చూసి ఒక బైటు పంపాలి, ఒక బైటు చదవాలి, మళ్లీ గడియారం చూడాలి. ఇలా 1000 సార్లు. పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని పెర్ఫ్_కౌంటర్ వాడండి. మొదటి పది కొలతలు పారేసి, మిగతావాటిలో మధ్యస్థం ఎంతో, అన్నిటికన్నా ఎక్కువ ఎంతో రాసుకోండి. చదివేటప్పుడు కచ్చితంగా ఒక్క బైటే అడగాలి. వంద బైట్లు అడిగితే పైసీరియల్ టైమ్‌అవుట్ అయ్యేదాకా కూర్చుంటుంది, మీరు కొలిచేది మీ టైమ్‌అవుట్‌నే అవుతుంది.

115200 దగ్గర ఒక బైటు తీగ మీద ప్రయాణించడానికి 0.087 మిల్లీసెకన్లు చాలు. మధ్యస్థం 16 చుట్టుపక్కల వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇప్పటికే 1, 2 మిల్లీసెకన్లే వస్తుంటే టైమర్ సమస్య మీకు లేదు, 6వ మెట్టుకు వెళ్లండి.

3. విండోస్‌లో టైమర్ మార్చడం

అ) పోర్టు వాడుతున్న ప్రోగ్రామ్‌లన్నీ మూసేయండి. సీరియల్ మానిటర్ విండో ఒకటి వెనకాల తెరిచి మరిచిపోవడం మామూలే.

ఆ) డివైస్ మేనేజర్‌లో మీ కామ్ పోర్టు ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కండి.

ఇ) లేటెన్సీ టైమర్ ఎదురుగా 16 ఉంటుంది. దాన్ని 1 చేయండి. 255 దాకా పెట్టుకునే వీలుంది, కానీ మనకు కావలసింది ఈ చివర.

ఈ) రెండు విండోల్లోనూ ఓకే నొక్కండి. కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

అడ్వాన్స్‌డ్ బటనే కనబడకపోతేనో, తెరుచుకున్న విండోలో లేటెన్సీ టైమర్ లేకపోతేనో మీది ఎఫ్‌టీడీఐ డ్రైవర్ కాదు. 1వ మెట్టు మళ్లీ చూసుకోండి.

ఈ విలువ ఆ ఒక్క కేబుల్‌కే, ఆ ఒక్క కామ్ పోర్టుకే అంటుకుని ఉంటుంది. విండోస్ దాన్ని కేబుల్ సీరియల్ నంబర్‌తో రిజిస్ట్రీలో రాసుకుంటుంది. అదే మోడల్ కేబుల్ ఇంకొకటి పెడితే మళ్లీ 16. "నిన్న బాగుంది, ఇవాళ మళ్లీ మొదటికొచ్చింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే: టేబుల్ మీద రెండు ఒకేలాంటి కేబుళ్లు. మార్చినదానికి రంగు టేపు చుట్టేయండి. రెండు లేదా నాలుగు పోర్టులున్న చిప్ అయితే ప్రతి కామ్ పోర్టుకూ విడివిడిగా మార్చాలి.

ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లుంటే ఒక్కొక్కటీ తెరిచే బదులు డ్రైవర్ ఐఎన్‌ఎఫ్ ఫైల్లోనే 16ను 1 చేద్దామనిపిస్తుంది. చేయొచ్చు కానీ ఫైలు మారితే డిజిటల్ సంతకం చెల్లదు, 64 బిట్ విండోస్ ఇన్‌స్టాల్ చేయనివ్వదు. ప్రతి కంప్యూటర్‌లోనూ రిజిస్ట్రీ విలువను స్క్రిప్టుతో మార్చడమే తేలిక. కరెంట్‌కంట్రోల్‌సెట్ కింద ఈనమ్, దాని కింద ఎఫ్‌టీడీఐబస్, దానిలో మీ కేబుల్ పేరు, చివర డివైస్ పారామీటర్స్, అక్కడ లేటెన్సీటైమర్ అనే విలువ ఉంటుంది.

4. లినక్స్‌లో టైమర్ మార్చడం

ఎఫ్‌టీడీఐ_ఎస్‌ఐఓ అనే డ్రైవర్ టైమర్‌ను ఒక ఫైలు రూపంలో చూపిస్తుంది. సిస్ ఫోల్డర్‌లో బస్, అందులో యూఎస్‌బీ-సీరియల్, అందులో డివైసెస్, అందులో టీటీవైయూఎస్‌బీ0, అందులో లేటెన్సీ_టైమర్. క్యాట్ కమాండ్‌తో చదివితే 16 అని వస్తుంది. అక్కడ 1 రాయాలి.

చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. సుడో ఎకో 1 అని రాసి, బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తారు. పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. సుడో ఎకోకే వర్తించింది, ఫైలు తెరిచేది మాత్రం మామూలు హక్కులున్న మీ షెల్. ఎకో 1 ఇచ్చి, పైప్ గుర్తు పెట్టి, సుడో టీ తర్వాత ఫైలు దారి రాయండి. లేదా సెట్‌సీరియల్ కమాండ్‌తో ఆ పోర్టుకు లో_లేటెన్సీ అనే జెండా ఎత్తినా డ్రైవర్ టైమర్‌ను 1కి దించేస్తుంది.

ఇది కేబుల్ పీకగానే పోతుంది. నిలబడాలంటే పరికరం తగిలించగానే లినక్స్ ఏం చేయాలో చెప్పే యూడెవ్ నియమం రాయాలి. ఈటీసీ ఫోల్డర్‌లో యూడెవ్, అందులో రూల్స్.డీ ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే పేరుతో, చివర .రూల్స్ ఉండేలా ఒక ఫైలు తయారుచేయండి. అందులో ఒకే వరుసలో, కామాలతో విడదీసి నాలుగు ముక్కలు: యాక్షన్ యాడ్ అయితే, సబ్‌సిస్టమ్ యూఎస్‌బీ-సీరియల్ అయితే, డ్రైవర్ ఎఫ్‌టీడీఐ_ఎస్‌ఐఓ అయితే, లేటెన్సీ_టైమర్ అట్రిబ్యూట్‌ను 1 చేయి. మొదటి మూడు షరతులు, వాటికి రెండు సమానం గుర్తులు. నాలుగోది ఆదేశం, దానికి ఒకటే. నాలుగింటికీ రెండేసి పెడితే యూడెవ్ ఏ తప్పూ చూపించదు, ఏ పనీ చేయదు. మీరు గంటసేపు తల గోక్కుంటారు.

సబ్‌సిస్టమ్‌గా టీటీవై అని రాయడం ఇంకో పొరపాటు. ఆ అట్రిబ్యూట్ ఉండేది యూఎస్‌బీ-సీరియల్ మెట్టులో. ఫైలు దాచాక యూడెవ్‌ఏడీఎమ్ కంట్రోల్‌కు రీలోడ్ ఇచ్చి, కేబుల్ పీకి పెట్టి, క్యాట్‌తో మళ్లీ చదవండి. 1 కనబడాలి.

వర్చువల్ మెషీన్‌కు కేబుల్ అప్పగించి వాడుతుంటే బయటి సిస్టమ్‌లో మార్చి లాభం లేదు. చిప్‌తో మాట్లాడేది లోపలి సిస్టమ్ డ్రైవర్, అక్కడే మార్చండి.

5. డేటా విడతలు విడతలుగా గుప్పుమని వస్తుంటే

ఇది మరో రకం జబ్బు. జీపీఎస్, సెన్సర్ బోర్డుల వంటివి అడక్కుండానే ఆగకుండా పంపుతుంటాయి. తెరమీద మాత్రం ఒక సెకను ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒక పెద్ద గుత్తి వచ్చి పడుతుంది. బాడ్ రేట్ 38400 దగ్గర విండోస్‌లో ఇది కనిపించే అవకాశం ఎక్కువ, కారణం లెక్కలోనే తెలుస్తుంది.

38400 అంటే సెకనుకు 3840 బైట్లు. 16 మిల్లీసెకన్లలో 61, 62 బైట్లు వస్తాయి. అంటే టైమర్ పూర్తయ్యే సమయానికే ప్యాకెట్ కూడా నిండిపోతుంది. నిండు ప్యాకెట్ వచ్చినప్పుడల్లా విండోస్ "ఇంకా ఉందేమో" అనుకుని ఆగుతుంది. పూర్తిగా నిండని ప్యాకెట్ వస్తేనే "అయిపోయింది" అని ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. డ్రైవర్ ఒక్కోసారి 4096 బైట్లు అడుగుతుంది, అంటే 64 ప్యాకెట్లు. 64ను 16తో గుణిస్తే 1024 మిల్లీసెకన్లు. మీరు చూస్తున్న ఆ ఒక సెకను ఇదే.

టైమర్ 1 చేస్తే చాలావరకు ఇదీ పోతుంది. పోకపోతే అదే అడ్వాన్స్‌డ్ విండోలో యూఎస్‌బీ ట్రాన్స్‌ఫర్ సైజెస్ కింద రిసీవ్ విలువను 4096 నుంచి 512కో, 256కో దించండి. తక్కువ బాడ్ రేట్లలో ఇబ్బందులుంటే తగ్గించమని ఆ విండోలోనే రాసి ఉంటుంది, మనం చదవం. అందరూ వెంటనే 64 పెట్టేస్తారు, అవసరం లేదు. ఇది 64 చొప్పున మెట్లు మెట్లుగా మారుతుంది. బాడ్ రేట్ ఎక్కువగా ఉండి బండెడు డేటా వచ్చేచోట మాత్రం దించొద్దు, ప్రతి చిన్న విడతకూ డ్రైవర్ లేచి కూర్చోవాల్సి వస్తుంది.

6. ప్రోగ్రామ్‌లో దాగిన ఎదురుచూపులు

టైమర్ సరిచేశాక కూడా అనుకున్నంత రాకపోతే తప్పు ఎక్కువసార్లు ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. ఇక్కడి నుంచి చిప్ ఏదైనా ఇవే వర్తిస్తాయి.

ఒకటి, బైట్లను ఒక్కొక్కటిగా పంపడం. పది బైట్ల కమాండ్‌ను పది సార్లు రైట్ చేస్తే పది విడివిడి యూఎస్‌బీ అభ్యర్థనలు. మొత్తం ఒక బఫర్‌లో చేర్చి ఒకేసారి రైట్ చేయండి.

రెండు, పైన చెప్పిన టైమ్‌అవుట్ పొరపాటు. జవాబు ఎన్ని బైట్లో తెలిస్తే అన్నే అడగండి. తెలియకపోతే ముందు హెడర్ చదివి, అందులోని పొడవు చూసి మిగతాది అడగండి.

మూడు, నమూనా కోడ్‌లో ఎవరో పెట్టిన స్లీప్. కమాండ్ పంపాక 50 మిల్లీసెకన్లు నిద్రపో అని ఉంటుంది, 16 ఉన్న రోజుల్లో ఎవరో భద్రత కోసం పెట్టారు. తీసేసి చూడండి.

నాలుగు, ప్రతి ప్రశ్నకూ పోర్టు తెరిచి మూయడం. తెరిచిన పోర్టును తెరిచే ఉంచండి. కొన్ని బోర్డులు పోర్టు తెరిచిన ప్రతిసారీ రీసెట్ కూడా అవుతాయి.

ఆరు మోటార్లున్న రోబో చెయ్యి తీసుకోండి. ప్రతి మోటార్‌నూ "ఎక్కడున్నావ్" అని అడిగి జవాబు తెచ్చుకోవాలి. ఒక్కోదానికి 16 చొప్పున ఆరింటికి 96 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు పది చుట్లు. చెయ్యి గుటుక్కు గుటుక్కుమంటూ కదులుతుంది. ఒక్కో ప్రశ్న 2 మిల్లీసెకన్లకు దిగితే ఆరింటికి 12, సెకనుకు ఎనభై చుట్లు. మోటార్ అన్ని స్థానాలనూ ఒకేసారి చదివే కమాండ్ ఇస్తే అదే వాడండి. ఆరుసార్లు ఆగాల్సిన ఆటో ఒకేసారి ఆగుతుంది.

7. హబ్ దగ్గర జామ్

సీరియల్ కేబుల్, హెడ్‌సెట్, కీబోర్డు, వేలిముద్ర స్కానర్ చాలావరకు 12 లేదా 1.5 మెగాబిట్ల పరికరాలు. కంప్యూటర్‌కూ హబ్‌కూ మధ్య 480 మెగాబిట్ల దారి ఉంటుంది. ఆ దారి నుంచి ఈ నెమ్మది పరికరాలకు మాట మార్చి అందించేది హబ్‌లోని ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్ అనే భాగం. చవక హబ్‌లలో అది ఒక్కటే ఉంటుంది. నాలుగు పరికరాలు పెడితే నాలుగూ ఆ ఒక్క 12 మెగాబిట్లనే పంచుకుంటాయి. మంచి హబ్‌లో పోర్టుకొకటి ఉంటుంది.

12 మెగాబిట్లు అని పెట్టె మీద ఉన్నా మీ డేటాకు దొరికేది తక్కువ. 1 మిల్లీసెకను ఫ్రేమ్‌లో 64 బైట్ల బల్క్ ప్యాకెట్లు 19కి మించి పట్టవు, అంటే సెకనుకు సుమారు 12 లక్షల బైట్లు. అదీ రోడ్డు ఖాళీగా ఉంటేనే. స్టీరియో హెడ్‌సెట్ మోగుతుంటే ప్రతి ఫ్రేమ్‌లోనూ 192 బైట్లు ముందే రిజర్వు అయిపోతాయి, మైక్ వేరే. మిగిలినదే సీరియల్ కేబుల్‌కు.

ఏం పెట్టారో ఎలా చూడాలి: లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీకి మైనస్ టీ ఇస్తే చెట్టులా కనిపిస్తుంది, కొసన 1.5ఎం, 12ఎం, 480ఎం అని వేగం ఉంటుంది. ఒకే హబ్ కింద 12ఎం పరికరాలు గుంపుగా ఉంటే అనుమానించండి. మైనస్ వీ ఇచ్చి హబ్ వివరాల్లో డివైస్ ప్రోటోకాల్ చూస్తే 1 అంటే ఒక్క ట్రాన్స్‌లేటర్, 2 అంటే పోర్టుకొకటి. విండోస్‌లో యూఎస్‌బీ డివైస్ ట్రీ వ్యూయర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవే వివరాలు చూపిస్తుంది.

"3.0 హబ్ కొన్నాను, అయినా మారలేదు." మారదు. నీలం పోర్టులో పెట్టినా 12 మెగాబిట్ల పరికరం వెళ్లేది ఆ హబ్‌లోని 2.0 సగంలోంచే, అక్కడా ట్రాన్స్‌లేటర్ ఒక్కటే ఉండొచ్చు. డబ్బు ఖర్చుపెట్టే ముందు ముఖ్యమైన పరికరాన్ని నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో పెట్టి, 2వ మెట్టు పరీక్ష మళ్లీ చేయండి. కొత్త కంప్యూటర్లలో యూఎస్‌బీని నడిపే ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ నేరుగా పెట్టిన నెమ్మది పరికరాలతో హబ్ సాయం లేకుండానే మాట్లాడుతుంది.

పాత కంప్యూటర్లో లినక్స్, ఈహెచ్‌సీఐ అనే పాత రకం యూఎస్‌బీ కంట్రోలర్, హబ్ మీద రెండు మూడు ఆడియో పరికరాలు: ఈ కలయికలో వేగం తగ్గడం కాదు, పరికరం అసలే మొరాయిస్తుంది. డీమెసేజ్ కమాండ్‌తో కెర్నెల్ సందేశాలు చూస్తే -28 ఎర్రర్, బ్యాండ్‌విడ్త్ చాలదన్న మాట కనిపిస్తుంది. నిజంగా చాలక కాదు. పాత షెడ్యూలింగ్ పద్ధతి 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేమ్‌కు ఒక్క నెమ్మది బదిలీనే కేటాయించేది, మిగతా జాగా ఖాళీగా పోయేది. బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో టీటీ_న్యూషెడ్ అన్న మాట వెతకండి. ఎదురుగా వై ఉంటే మెరుగైన షెడ్యూలర్ ఉన్నట్టు, సాధారణ డిస్ట్రోల కెర్నెల్‌లో అలాగే ఉంటుంది. ఎవరో తమ అవసరానికి కోసి కుట్టిన బోర్డు కెర్నెల్‌లో ఆపేసి ఉంటే వై పెట్టి మళ్లీ కంపైల్ చేయాలి. వింతగా, హబ్ మీద ఒకే ఒక్క నెమ్మది పరికరం ఉండి అదీ పనిచేయకపోతే ఆ ఆప్షన్ ఆపి చూడమని కెర్నెల్ సహాయ వాక్యమే చెబుతుంది.

రాస్ప్‌బెర్రీ పై 3, అంతకన్నా పాతవి వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. సీఎండీలైన్ ఫైల్లో డీడబ్ల్యూసీ_ఓటీజీ.స్పీడ్=1 పెట్టమనే పాత చిట్కా ఇంకా చేతులు మారుతోంది. అది నెమ్మది పరికరాలను వేగవంతం చేయదు, మొత్తం యూఎస్‌బీని 12 మెగాబిట్లకు దించేస్తుంది. మోడల్ బీ పైలలో ఈథర్‌నెట్ కూడా ఆ యూఎస్‌బీ మీదే నడుస్తుంది కాబట్టి నెట్ కూడా కుంటుపడుతుంది. ఉంటే తీసేయండి. పై 4 నుంచి ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ ఉంది, ఈ బాధ లేదు.

8. మొదటి జవాబు మాత్రమే ఆలస్యమైతే

కాసేపు ఖాళీగా ఉంచి అడిగితే మొదటి రీడింగ్ ఆలస్యంగా వచ్చి, తర్వాతవి చకచకా వస్తుంటే పరికరం నిద్రపోతోందని అర్థం. నిద్ర లేపడానికే యూఎస్‌బీ పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. లినక్స్‌లో ఆ పరికరం సిస్ ఫోల్డర్‌లో పవర్ కింద కంట్రోల్ ఫైల్లో ఆటో ఉంటే ఆన్ అని రాయండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ఇది కాస్త తింటుంది.

దుకాణాల్లో బార్‌కోడ్ స్కానర్

కీబోర్డులా పనిచేసే స్కానర్‌కు టైమర్ లేదు, వంతు ఉంది. కంప్యూటర్ దాన్ని ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తే, ఒక అంకెకు నొక్కినట్టు ఒక రిపోర్టు, వదిలినట్టు ఒక రిపోర్టు. 13 అంకెలకు 26 పలకరింపులు, పావు సెకను పైనే. స్కానర్ మాన్యువల్‌లోని సెటప్ బార్‌కోడ్‌లలో ఇంటర్ క్యారెక్టర్ డిలే సున్నా చేయండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే స్కానర్‌ను వర్చువల్ కామ్ పోర్టు మోడ్‌లోకి మార్చడం ఇంకా మేలు, 13 అంకెలూ ఒకే ప్యాకెట్‌లో వచ్చేస్తాయి.

ఫలితం సరిచూడటం

2వ మెట్టు పరీక్షను అదే పోర్టు, అదే బాడ్ రేట్, అదే 1000 సార్లతో మళ్లీ నడపండి.

- మధ్యస్థం 1 నుంచి 3 మిల్లీసెకన్లు: పని అయింది. ఇంతకన్నా కిందికి ఆశించొద్దు, ఫ్రేమే 1 మిల్లీసెకను.
- ఇంకా 16: విలువ వేరే కామ్ పోర్టుకు పడింది, లేదా కేబుల్ పీకి పెట్టలేదు.
- మధ్యస్థం బాగుండి గరిష్ఠం మాత్రం 30, 40: టైమర్ కాదు. హబ్, యాంటీవైరస్, వెనకాల నడుస్తున్న ఏదో భారీ ప్రోగ్రామ్. నేరుగా పోర్టులో పెట్టి కొలవండి.
- లూప్‌బ్యాక్ బాగుంది, అసలు పరికరంతో మాత్రం నెమ్మది: బాడ్ రేట్ లెక్క వేయండి. 9600 దగ్గర సెకనుకు 960 బైట్లే. 40 బైట్ల జవాబుకు 42 మిల్లీసెకన్లు తీగ మీదే పోతాయి, దాన్ని ఏ డ్రైవరూ తగ్గించలేదు. పరికరం ఒప్పుకుంటే బాడ్ రేట్ పెంచండి.

టైమర్ 1 పెట్టడంలో నష్టమూ చూసుకోవాలి. డేటా లేకపోయినా చిప్ సెకనుకు వెయ్యి చొప్పున రెండేసి బైట్ల స్థితి ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. ఒక కేబుల్‌కు అది లెక్కలోకి రాదు. ఒకే హబ్ మీద ఎనిమిది కేబుళ్లుంటే ఎనిమిది వేలు. అప్పుడు త్వరగా జవాబు కావలసిన వాటికే 1 పెట్టి, మిగతావి 16 దగ్గరే ఉంచండి. పెద్ద ఫైళ్లు ఏకధాటిగా పంపే పరికరానికి కూడా 1 అక్కర్లేదు, దాని ప్యాకెట్లు ఎలాగూ నిండే వెళ్తాయి.

బాడ్ రేట్ లెక్క సరిపోయి, లూప్‌బ్యాక్ కూడా బాగుండి, ఇంకా తేడా ఉంటే లినక్స్‌లో యూఎస్‌బీ మీద వెళ్లే ప్యాకెట్లను గమనించే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ ఎక్కించి, వాటిని చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో ఆ బస్‌ను పట్టుకోండి. వచ్చే ప్యాకెట్లలో చాలావరకు 01 60 అన్న రెండు బైట్లే ఉంటాయి, అవి ఖాళీ ఆటోలు. పొడవు 2 దాటిన మొదటి ప్యాకెట్ సమయంలోంచి మీ కమాండ్ వెళ్లిన సమయాన్ని తీసేయండి. మధ్యలో 01 60లు మిల్లీసెకనుకొకటి చొప్పున ముప్పై వరుసగా వచ్చి, అప్పుడు జవాబు కనబడిందంటే కంప్యూటర్ వైపు ఎవరూ ఆగలేదు. ఆ ముప్పై మిల్లీసెకన్లు ఆలోచించింది మీ పరికరమే, దాని ఫర్మ్‌వేర్ సెట్టింగ్‌లలో రెస్పాన్స్ డిలే లాంటిది ఏదైనా ఉందేమో వెతకండి.